పిలుపు రాని అమ్మగారు

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. రైలుకట్ట కింది పేటలో అమ్మగారు అనేవారు. మనిషి ఒకతే గానీ, లాండ్రీలో ఆమె నవ్వు విన్నవాళ్ళు పేటలో చూస్తే ఈమె ఆమెకు అక్కో చెల్లెలో అయ్యుంటుందనుకునేవారు.

లాండ్రీ బాయిలరు గదిని ఆనుకుని ఉండేది. లోపల ఎప్పుడూ ఆవిరే. ఉతికిన దుప్పట్లు పొడుగాటి రోలరు మిషనులోకి ఇటువైపు తడిగా వెళ్ళి, అటువైపు వేడిగా, బిగువుగా, కాగితంలా బయటికి వచ్చేవి. వాటిని అందుకుని మడతపెట్టడం ఆమె పని. ఎదురుగా ఇంకొకామె రెండో అంచు పట్టుకునేది. ఇద్దరూ దగ్గరికి వచ్చి, దూరం జరిగి, మళ్ళీ దగ్గరికి వచ్చేసరికి ఒక దుప్పటి అయ్యేది. కబుర్లన్నీ ఆ మధ్యలోనే. లాండ్రీ మేస్త్రీ గురక మీదా, డాక్టర్ల కోటు జేబుల్లో దొరికే దువ్వెనల మీదా ఆమె వేసే జోకులకు పక్కవాళ్ళు పొట్ట పట్టుకునేవారు. డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, రైలుకట్ట ఎక్కి, అవతలివైపు మెట్లు దిగుతుంటే ఆ నవ్వు కాస్త కాస్తగా ముఖంలోంచి జారిపోయేది. కిందికి చేరేసరికి అమ్మగారు మిగిలేది.

పెళ్ళినాటికి ఆమె భర్త సిటీ బస్సు కండక్టరు. ఆయన ఈ స్టాపులో “రైట్” అంటే తర్వాతి స్టాపులో ఆగిన బస్సు కూడా కదిలేదని డిపోలో చెప్పుకునేవారు. అంత గొంతు. ఆదివారం ఇద్దరూ ఊళ్ళోని పెద్ద చర్చికి వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుని, ప్రార్థన అయ్యాక పార్కు దగ్గర టీ తాగి ఇంటికొచ్చేవారు. జీవితమంతా అలాగే గడుస్తుందని ఆమె అనుకుంది. అంతకంటే ఎక్కువేమీ కోరుకోలేదు కూడా.

పెళ్ళయిన మరుసటేడు ఆయనకు విషజ్వరం వచ్చి వార్డులో పడుకోబెట్టారు. పక్క మంచంలో రైలుకట్ట కింది పేట నుంచి వచ్చిన చిత్తుకాగితాలు ఏరుకునే మనిషి ఒకడు ఉండేవాడు. అతని కోసం ఎవరూ రాలేదు. పోయే ముందు అతను ఈయన చెయ్యి పట్టుకుని వదల్లేదట. జ్వరం తగ్గి ఇంటికొచ్చిన రోజున, గడపలో చెప్పులు విడుస్తూనే, “నాకు పిలుపొచ్చింది” అన్నాడు. డిపో నుంచి కాబోలనుకుని ఆమె యూనిఫాం ఇస్త్రీ చెయ్యడానికి లేచింది. కాదని, దేవుడు ఆ పేటకు పిలుస్తున్నాడని ఆయన నిదానంగా చెప్పాడు. జబ్బు పడి లేచిన మనిషి, నాలుగు రోజుల్లో సర్దుకుంటాడులే అనుకుంది. ఆయన సర్దుకోలేదు. ఉద్యోగం మానేశాడు, బైబిలు బడికి వెళ్ళి వచ్చాడు, ఒక పెద్ద సంఘం వాళ్ళు ఆయన్ని పాస్టరుగా ఆ పేటకు పంపారు. పేటవాళ్ళకు ఆయన అయ్యగారు, ఆమె అమ్మగారు అయ్యారు. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి.

పేట ఒక పక్క రైలుకట్టకు, ఒక పక్క మురికి కాలవ గట్టుకు మధ్య, గిన్నె అడుగులా ఉండేది. వాన పడితే ఊరి నీళ్ళన్నీ అక్కడికే. ప్రార్థన మందిరం ఒక్కటే ఇటుకల కట్టడం. పైన రేకులు. దాని వెనకాల, రైలుకట్టను ఆనుకుని, ఒకే ఒక గది. అదే వాళ్ళ ఇల్లు. ఆ గదికి ఉన్న ఒక్క తలుపూ మందిరంలోకే తెరుచుకునేది. నీళ్ళకు వెళ్ళాలన్నా, చెత్త పారెయ్యాలన్నా, ఊరికే కాసేపు గాలి పీల్చుకోవాలన్నా మందిరంలో నుంచే నడవాలి. లోపల ఉపవాస ప్రార్థన జరుగుతుంటే ఆమె ఖాళీ బిందెతో తలవంచుకుని వాళ్ళ మధ్య నుంచి వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు బిందె తొణక్కుండా నడిచేది. ఇక ప్రార్థనకు వచ్చినవాళ్ళకు ఆ తలుపు ఒక తలుపే కాదు. మంచినీళ్ళ కోసం, ఉప్పు కోసం, పసిపిల్లను పడుకోబెట్టడం కోసం, భర్త కొట్టాడని ఏడవడం కోసం సరాసరి వంటగట్టు దాకా వచ్చేసేవారు. ఆ పూట ఆమె ఏం వండిందో, ఏ బట్టలు ఆరేసిందో పేటంతా తెలిసిపోయేది.

వెనక గోడకు ఒక తలుపు పెట్టమని ఆమె మొదటి ఏడే అడిగింది. గోడ అవతల రైలుకట్ట వాలు, గడ్డి, ఎండ. ఆయన తప్పకుండా అన్నాడు. ఆయన దేనికీ కాదనే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. ఒక ఏడు గుమ్మానికని తెచ్చిన ఇటుకలు ఎవరి ఇంట్లోనో పొయ్యి కింద చేరాయి. ఒక ఏడు తలుపుకని మంచి చెక్క కూడా కొనుక్కొచ్చాడు. ఆ వారమే కూలీవాళ్ళ బిడ్డ విరేచనాలతో పోతే, చెక్క ఆ చిన్న పెట్టెకు సరిపోయింది. దానికి అడ్డు చెప్పే నోరు ఎవరికుంటుంది? పెట్టె లోపల పరిచిన గుడ్డ ఆమే కుట్టింది.

మొగుడు చెడ్డవాడైతే వదిలేసి పోవచ్చు, నలుగురూ అయ్యో అంటారు. ఈయన తన పళ్ళెంలోది తీసి ఎదుటివాడికి పెట్టేవాడు. పిచ్చివాళ్ళను కూర్చోబెట్టి తలస్నానం చేయించేవాడు. తాగి పడినవాణ్ణి భుజాన వేసుకొచ్చేవాడు. ఆమె మీద ఒక్కనాడు గొంతు పెంచలేదు. అలాంటి మనిషిని వదిలి వెళ్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలి? పైగా సంఘం పంపేది వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇల్లు గడవడానికి ఆమె లాండ్రీలో చేరింది. అక్కడ దొరికిన ఊపిరితో ఇక్కడ బతికేది.

కూతురు ఆ గదిలోనే పెరిగి, చదువుకుని, ఊరికి ఆ చివర ఒక రక్తపరీక్షల లాబులో ఉద్యోగం చూసుకుని అక్కడే ఉండిపోయింది. పేటకు రానని ముందే చెప్పేసింది. తల్లిని చూడాలనిపిస్తే లాండ్రీ గేటు దగ్గరికి వచ్చేది. ఒకరోజు గేటు దగ్గరే నిలబడి అడిగింది. “అమ్మా, పిలుపొచ్చింది నాన్నకి. నీకు రాలేదు కదా. మరి నువ్వెందుకున్నావ్ అక్కడ?” ఆమె డ్యూటీకి టైమైందని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు రోలరు దగ్గర వేలు కాల్చుకుంది.

ఆ ఏడు వానాకాలం చివర్లో పెద్ద తుఫాను వస్తుందని మైకులో చెప్పుకుంటూ తిరిగారు. పేటవాళ్ళు సామాన్లు మూటలు కట్టుకుని మందిరంలో చేరారు. చేపలమ్మ అత్తగారిని చాప మీద మోసుకొచ్చారు. చేపలమ్మ అంటే బుట్టలో చేపలు పెట్టుకుని వీధుల వెంట అమ్మే ఆవిడ. పేటలో అమ్మగారిని నువ్వు అని పిలిచేది ఆవిడొక్కతే. గుంతలు తవ్వే అన్నదమ్ములు తమ పలుగూ పారా గోడ వారగా పెట్టి కూర్చున్నారు. రానివాడు ఒక్క గడియారాల తాతే. సందు మొదట్లో పెట్టెలాంటి కొట్టులో కూర్చుని గడియారాలు బాగుచేసే ముసలాయన. దేవుడు లేడని ఆయన, ఉన్నాడని అయ్యగారు రోజూ వాదించుకునేవారు, టీ మాత్రం ఒకే గ్లాసులోది పంచుకునేవారు. అయ్యగారు రెండుసార్లు వెళ్ళి రమ్మన్నాడు. “నీ గుళ్ళో పడుకుంటే నన్నూ నీ లెక్కలో కలిపేస్తావు. ఫో” అని తాత నవ్వాడట.

తెల్లవారుతుండగా కాలవ గట్టు తెగింది. మొదట గడప కింద నుంచి చిక్కటి నల్లనీళ్ళు వచ్చాయి. చూస్తుండగానే మోకాలు, తర్వాత నడుము. సందులో నీళ్ళు గిర్రున తిరుగుతూ డ్రమ్ములనూ తలుపులనూ ఈడ్చుకుపోతున్నాయి. రైలుకట్ట మెట్లు సందు చివర, తెగిన గట్టు పక్కనే. అటు ఎవరు అడుగేసినా కొట్టుకుపోవడమే. జనం బల్లలెక్కారు. అయ్యగారు వాకిలి తలుపుకు వీపు ఆనించి, నీళ్ళను ఆపగలిగినట్టుగా, తన కండక్టరు గొంతుతో ప్రార్థన అందుకున్నాడు. అందరూ ఆయన వెంట పలుకుతున్నారు.

ఆమె గదిలో వంటగట్టు మీద నిలబడి వెనక గోడనే చూస్తోంది. గోడకు అవతల ఎత్తైన నేల ఉంది. జానెడు మందం ఇటుక అడ్డంగా ఉంది. ఇన్నేళ్ళుగా ఆమె పడుకుని చూసిన గోడ అది. ప్రతి పగులూ తెలుసు. ఆమె నీళ్ళలోకి దిగి, జనాన్ని తోసుకుంటూ మందిరంలోకి వెళ్ళి, ఎవరినీ అడగకుండా పలుగు తీసుకుంది. మొదటి దెబ్బకు సున్నం రాలింది. రెండో దెబ్బకు చేతులు జివ్వుమన్నాయి. ఆ తర్వాత ఎన్ని కొట్టిందో ఆమెకే తెలియదు. కొట్టే ప్రతి దెబ్బతో నోట్లోంచి ఏవో మాటలు వస్తున్నాయి. అవి ప్రార్థనలు కావు. పొయ్యి కిందికి పోయిన ఇటుకల మీద, బిందె తొణక్కుండా నడిచిన నడకల మీద, ఏనాడూ కాదనని మొగుడి మీద. ఒక ఇటుక అవతలికి పడి వెలుతురు లోపలికి వచ్చింది. అప్పుడు గుంతలు తవ్వే అన్నదమ్ములు వచ్చి ఆమె చేతిలో పలుగు తీసుకున్నారు.

మనిషి దూరేటంత కన్నం పడగానే పిల్లలను ముందు పంపారు. తర్వాత ఆడవాళ్ళు, ముసలివాళ్ళు. చేపలమ్మ అత్తగారిని మూటలా చేతుల మీదుగా అందించారు. పేటంతా ఆమె వంటగట్టు ఎక్కి, ఆమె గిన్నెలు తొక్కుకుంటూ, ఆమె గోడలో నుంచి రైలుకట్ట మీదికి పోయింది. చివరికి అయ్యగారు. నీళ్ళు అప్పటికి ఆయన గడ్డం దాకా వచ్చాయి.

రెండో రోజుకు నీళ్ళు తీశాయి. గడియారాల తాత సందు చివర మెట్ల కింద దొరికాడు. గడియారాలన్నీ మాత్రం కొట్టులో పై అరలో పొడిగా ఉన్నాయి. అయ్యగారు తాతను తనే మోసుకొచ్చి, తనే కడిగాడు. మూడోసారి వెళ్ళాల్సింది, మూడోసారి వెళ్ళాల్సింది అని ఆ వారమంతా అదే మాట.

బురద ఎత్తిపోశాక సంఘం పెద్దలు వ్యానులో దుప్పట్లూ కెమెరాలూ తీసుకుని వచ్చి, పేటవాళ్ళందరినీ మందిరంలో పోగేసి కృతజ్ఞత కూడిక పెట్టారు. వాళ్ళలో పెద్దాయన మైకు పట్టుకుని, ఒక్క ప్రాణమైనా పోకుండా దేవుడు ఈ మందిరాన్ని ఓడలా కాపాడాడని, అమ్మగారి విశ్వాసానికి ఇటుక గోడ కూడా లొంగిందని చాలాసేపు మాట్లాడాడు. తర్వాత సాక్ష్యం చెప్పమని, అంటే దేవుడు తనకు చేసిన మేలు నలుగురికీ చెప్పమని, ఆమెకు మైకు అందించాడు. ఇన్నేళ్ళలో ఆమె సాక్ష్యం ఎప్పుడూ అయ్యగారే చెప్పేవాడు, “మా ఇద్దరికీ పిలుపొచ్చింది” అని మొదలుపెట్టి.

ఆమె లేచింది.

“ఒక్క ప్రాణమూ పోలేదనకండి. గడియారాల తాత పోయాడు. ఆయన్ని లెక్కలోంచి తీసెయ్యకండి. ఇంకోటి. ఆ గోడ నేను విశ్వాసంతో పగలగొట్టలేదు. కోపంతో పగలగొట్టా. పిలుపొచ్చింది అయ్యగారికి. నాకు రాలేదు. ఎప్పుడూ రాలేదు. ఇక్కడ ఉండాలని నాకు ఏనాడూ లేదు.”

పెద్దాయన ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే కళ్ళు తుడుచుకుని, ఇంత వినయం, ఇంత తగ్గింపు మనసు తన ఇన్నేళ్ళ సేవలోనే చూడలేదని చెప్పి చప్పట్లు మొదలుపెట్టాడు. ఆయన కొట్టాడని అందరూ కొట్టారు. కెమెరా ఆమె ముఖం దగ్గరికి వచ్చింది. ఆమె మైకు పట్టుకుని అలాగే నిలబడింది. ఉన్న మాట ఉన్నట్టు చెప్పినా బయటపడే దారి లేదని అప్పుడు తెలిసింది ఆమెకు. ఏం చెప్పినా వీళ్ళు దాన్ని తీసుకెళ్ళి సాక్ష్యంలో కలిపేసుకుంటారు.

కూడిక అయ్యాక గ్లాసులు కడగడానికి చేపలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు ఇద్దరూ కడిగారు.

“నీకిక్కడ ఇష్టం లేదని మాకెప్పుడో తెలుసులే” అంది చేపలమ్మ.

“ఎలా తెలుసు?”

“నువ్వు మెట్లు దిగొచ్చేటప్పుడు నీ మొహం చూడమా ఏంటి? రోజూ చూస్తాం.”

“మరి ఇన్నేళ్ళూ ఎవరూ ఒక్క మాట అనలేదేం?”

చేపలమ్మ గ్లాసు బోర్లించి పెట్టింది. “అంటే వెళ్ళిపోతావని” అంది.

అయ్యగారు ఆ సాయంత్రం మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు. పేటలో ఆ గొంతు వినపడకపోతే జనానికి తోచలేదు. ఒంట్లో బాగాలేదా అని ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడిగి వెళ్ళారు. మూడో రోజు మధ్యాహ్నం ఆయన రైలుకట్ట వాలు మీద తడిసిన పాటల పుస్తకాలు ఆరబెడుతున్నాడు. ఆమె కన్నంలోంచి బయటికి వచ్చి పక్కన కూర్చుని, అతుక్కుపోయిన పేజీలు విడదీయడం మొదలుపెట్టింది.

“ఎప్పటినుంచి?” అన్నాడు ఆయన, తలెత్తకుండా.

“మొదటి వానాకాలం నుంచి.”

“ఒక్కసారైనా చెప్పలేదే నాకు.”

“తలుపు అడిగాను కదండీ” అంది ఆమె.

ఆయన చేతిలో పుస్తకం కింద పెట్టాడు. పెద్ద మనిషి, భుజాలు చిన్నపిల్లాడి భుజాల్లా కదిలాయి. ఆమె అటు చూడలేదు, ఓదార్చలేదు. ఓదారిస్తే మళ్ళీ మొదటికొస్తుందని ఆమెకు తెలుసు. చాలాసేపటికి ఆయన, “సరే, పోదాం” అన్నాడు.

ఊరికే అనలేదు. మర్నాడే సంఘం ఆఫీసుకు వెళ్ళి, తన బదులు ఇంకొకరిని పంపమని అడిగి వచ్చాడు. వాళ్ళు తప్పకుండా అన్నారు. కొన్నాళ్ళకు ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. మందిరం గోడ మీద మనిషెత్తున మిగిలిన నీటి చారను తల వెనక్కి వంచి చూశాడు, టీ తాగాడు, ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇంకొకాయన భార్యతో వస్తానన్నాడు. భార్య ముందుగా ఒక్కతే వచ్చి, గది చూసి, అమ్మగారి చెయ్యి పట్టుకుని, “ఎలా ఉన్నారండీ ఇక్కడ?” అని అడిగింది. అమ్మగారు ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్ళూ రాలేదు. ఇలా వచ్చినవాళ్ళందరికీ నిజం చెప్తే మనం కదిలేదెప్పుడని అయ్యగారు మెల్లగా గొణిగాడు. ఆయన నవ్వీ నవ్వనట్టు నవ్వడం, ఆమెకు నవ్వు రావడం, పేట వైపున అది మొదటిసారి.

గోడ కన్నం పూడ్చలేదు. ఆమె అడగకుండానే ఆయన దానికి గుమ్మం పెట్టించాడు, గడియ కూడా. కానీ పేటకు రైలుకట్ట మీదికి అడ్డదారి దొరికింది. సందు చివరి మెట్ల దాకా ఎవరు తిరిగి పోతారు? పనులకు వెళ్ళేవాళ్ళు, బుట్టలవాళ్ళు, బడికి ఆలస్యమైనవాళ్ళు మందిరంలోంచి వచ్చి, “ఏమనుకోకండి అమ్మగారూ” అంటూ ఆమె వంటగట్టు పక్క నుంచి కొత్త గుమ్మంలోకి పోయేవారు. ఇదివరకు వచ్చి వెనక్కి వెళ్ళేవారు, ఇప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు దారే పడింది. గడియ పెడితే తట్టేవారు. తట్టి తట్టి, లోపల ఆమెకేమైందోనని కంగారు పడేవారు.

ఈ సంగతి ఆమె రోలరు దగ్గర జోకుగానే చెప్పింది. అందరూ నవ్వారు గానీ మేస్త్రీ నవ్వలేదు. ఆసుపత్రి వెనక పనివాళ్ళ క్వార్టర్లలో ఒక గది ఖాళీగా ఉందని, తన పేరు మీదే ఉన్నా తను వాడటం లేదని, కావలిస్తే ఉండమని అన్నాడు. ఒక మంచం, ఒక కిటికీ. ఆమె అయ్యగారికి చెప్పింది. ఆయన ఆలోచించాడు. మనిషి దొరికేదాకా తను పేటను వదల్లేనన్నాడు. నువ్వు వెళ్ళు అన్నాడు. ఆమె ట్రంకు పెట్టె ఆయనే నెత్తిన పెట్టుకుని రైలుకట్ట దాటించాడు. వానపడే రోజుల్లో అయినా ఆమె అక్కడ ఉండాలని, వానలో పేటలో ఉండొద్దని మాట తీసుకున్నాడు. ట్రంకు దింపి గది నాలుగు వైపులా చూసి, బాగుందని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. వాన లేని రోజుల్లో డ్యూటీ దిగి ఆమె మళ్ళీ పేటకే వచ్చేది.

మరుసటి వానాకాలం మొదటి జడివాన ఒక మధ్యాహ్నం పట్టుకుంది. డ్యూటీ దిగి ఆమె క్వార్టరుకు వెళ్ళి, తలుపేసుకుని, పొడి బట్టలు కట్టుకుని మంచం మీద కూర్చుంది. పిలిచేవాళ్ళు లేరు. ఎదురుచూసిన నిశ్శబ్దం అదే. కానీ చెవులు దాన్ని విననివ్వలేదు. ఈపాటికి గడపలోకి నీళ్ళు వచ్చుంటాయి. ఈపాటికి చేపలమ్మ అత్తగారిని బల్ల మీద పడుకోబెట్టి ఉంటారు. రేకు కారే చోట గిన్నె పెట్టడం ఆయనకు గుర్తుండదు. గిన్నెలు ఏ అరలో ఉన్నాయో కూడా తెలియదు. రెండుసార్లు లేచి చెప్పుల దాకా వెళ్ళి ఆగింది. వెళ్తే ఇక ఈ గదికి తిరిగి రాలేనని తెలుసు. వెళ్ళకపోతే ఇక్కడ ఉన్నట్టూ కాదని తెలుసు. ఆమె వెళ్ళలేదు. మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

తెల్లారాక వాన తెరిపిచ్చింది. డ్యూటీకి ఇంకా టైముంది. ఆమె రైలుకట్ట దాటి కిందికి వెళ్ళింది. ఈసారి నీళ్ళు మోకాలి దాకానే వచ్చి పోయాయి. మందిరం నిండా బురద. అయ్యగారు లుంగీ పైకి కట్టుకుని పారతో తోస్తున్నాడు. గొంతు బొంగురుపోయింది. ఎవరూ ఆమెను ఎక్కడికెళ్ళావని అడగలేదు. చేపలమ్మ మాత్రం చీపురు ఆపి, ఎగాదిగా చూసింది.

“పడుకున్నావా కాస్తయినా?”

“లేదు.”

“పాడు మనిషివి. ఆ పడుకునేదేదో మా తరఫున కూడా పడుకోవద్దూ?” అంది చేపలమ్మ, మళ్ళీ చీపురు అందుకుంటూ.

ఆమె చెప్పులు గట్టు మీద పెట్టి, బురద ఎత్తే తట్ట తీసుకుని ఆయన ఎదురుగా వంగింది. ఆయన పారతో ఎత్తాడు, ఆమె తట్ట పట్టింది. రెండు తట్టలు పోశాక ఆయన నడుం నిటారు చేసుకుని, “ఇవాళ కూడా అక్కడికే వెళ్తావా?” అని అడిగాడు.

“వాన పడితే వెళ్తా” అంది ఆమె.

ఆయన వాకిట్లోకి వెళ్ళి మబ్బు చూసి వచ్చాడు. “పడేట్టే ఉంది” అన్నాడు. “వెళ్ళు.”

ఆమె తల ఊపి, నిండిన తట్ట ఎత్తుకుంది.